డెల్మర్ హాగ్‌స్ట్రమ్ ఎడమ చెవి

మారెంటన్ ఊళ్ళో డెల్మర్ హాగ్‌స్ట్రమ్ పొగరుబోతు కాదని నమ్మినవాళ్ళు ఇద్దరే. ఒకరు అతనికి మేడ మీద గది అద్దెకిచ్చిన వెస్టా క్రప్ అనే పెద్దావిడ. రెండోవాడు అతనితో పాటు బేస్‌బాల్ ఆడిన క్లోవిస్ టార్‌ప్లీ. మిగతా ఊరిని తప్పుపట్టలేం. మంగలిషాపులో పక్క కుర్చీలో మనిషి "నిన్న భలే పట్టావయ్యా" అంటే ఉలకడు, పలకడు. వీధిలో సగం మందికి టోపీ ఎత్తి మర్యాదగా జవాబిచ్చేవాడు, మిగతా సగాన్ని కరెంటు స్తంభాల్ని దాటినట్టు దాటుకుపోయేవాడు. ఐయోవా రాష్ట్రపు జనం ఏమైనా ఓర్చుకుంటారు గానీ పలకరిస్తే పలకనివాణ్ణి ఓర్చుకోరు. అతనికి "దొరగారు" అని పేరు పెట్టింది వాళ్ళే.

నిజానికి అతను నెబ్రాస్కా పడమటి కొసన బీట్‌దుంపలు పండించుకునే ఒక రైతుకి ఒక్కగానొక్క కొడుకు. తల్లి అతని తొమ్మిదో ఏట పోయింది. తండ్రి ఆక్సెల్ రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. పక్కిల్లు రెండు మైళ్ళ అవతల. ఆడుకోవడానికి ఇంకో పిల్లవాడు లేక, డెల్మర్ గడ్డివాము కొట్టం రేకుల మీదికి బంతి విసిరి, కొట్టానికి వీపు తిప్పి, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. బంతి రేకుల మీద దొర్లే చప్పుడును బట్టి ఎక్కడ జారుతుందో పోల్చుకుని, చివరి క్షణంలో తిరిగి పట్టుకునేవాడు. చలికాలం గడ్డకట్టిన బంతితో కూడా ఆడాడు. పన్నెండేళ్ళకే అతని చెవి కంటికన్నా ముందు పరుగెత్తేది.

ఆటలో అతని చోటు సెంటర్ ఫీల్డ్. బ్యాటు పట్టినవాడికి దూరంగా, పచ్చికలో ముగ్గురు నిలబడతారు. ఎడమన ఒకడు, కుడిన ఒకడు, ఆ ఇద్దరికీ నడుమ, అందరికన్నా దూరంగా ఇంకొకడు. ఆ మూడోవాడే డెల్మర్. అక్కడికి కబుర్లు అందవు. బంతి నిండుగా తగిలితే ఎండుకట్టె విరిచినట్టు టక్కుమంటుంది, అప్పుడు వెనక్కి పరుగెత్తాలి. కొసకు తగిలితే తడిగుడ్డ బండకేసి కొట్టినట్టు ఉంటుంది, ముందుకు రావాలి. మిగతావాళ్ళు బంతి ఎగిరాక కదిలేవాళ్ళు, డెల్మర్ చప్పుడుతోనే కదిలేవాడు. అందరికన్నా ముందు పడే ఆ ఒక్క అడుగు చూసే అతని పందొమ్మిదో ఏట, పందొమ్మిది వందల యాభై ఏడులో, ఒక పెద్ద జట్టువాళ్ళు అతన్ని జీతానికి తీసుకుని తమ కింది జట్లలో వేశారు. తండ్రి అతన్ని బస్సెక్కించి, "చెప్పులు తడవనీకు" అన్నాడు. వీడ్కోలంటే అంతే.

ఆరేళ్ళలో ఐదు ఊళ్ళు తిరిగాడు. ఎక్కడికి వెళ్ళినా గది, బస్సు, మైదానం, మళ్ళీ గది. అరవై మూడు నాటికి మారెంటన్ చేరాడు. అక్కడినుంచి పెద్ద లీగుకు ఒక్క మెట్టు. ఇహ ఎక్కడమే అని అందరూ అనుకున్న ఆ వసంతంలో అతనికి గవదబిళ్ళలు వచ్చాయి.

చంటిపిల్లల జబ్బు పెద్దవాడికి వస్తే పగబట్టినట్టు వస్తుందంటారు. తొమ్మిది రోజులు ఒళ్ళు తెలియని జ్వరం. వెస్టా క్రప్ కోడి పులుసు కాచి పోసి, తడిగుడ్డలు వేసి బతికించింది. లేచాక ఒకరోజు కుడివైపుకు ఒత్తిగిలి పడుకుంటే బల్లమీది గడియారం ఆగిపోయింది. లేచి చూస్తే ఆడుతూనే ఉంది. మళ్ళీ పడుకున్నాడు. మళ్ళీ ఆగింది. ఎడమ చెవి పూర్తిగా పోయిందని అతనికి అలా తెలిసింది.

డాక్టరుకు చూపించమని వెస్టా పోరింది. ఊళ్ళో ఉన్న ఒక్క డాక్టరూ జట్టు డాక్టరే. ఆయన చెవిలో పడ్డ మాట సాయంత్రానికి మేనేజరు చెవిలో పడుతుంది. డెల్మర్ ఆమె చేతులు పట్టుకుని ఎవరికీ చెప్పవద్దని బతిమాలాడు. ఆవిడ చెప్పలేదు. ఊరంతా అతన్ని తిట్టిపోస్తున్నా పెదవి విప్పలేదు.

ఒక చెవితో చప్పుడు వినపడుతుంది గానీ ఎటునుంచి వచ్చిందో తెలియదు. డెల్మర్ ఆటను మొదటినుంచీ నేర్చుకున్నాడు. బ్యాటు పట్టినవాడి భుజాలు చూసి, బ్యాటుకు దగ్గరగా నిలబడే లోపలి ఆటగాళ్ళ తలలు ఎటు తిరిగాయో చూసి పరుగు తీయడం అలవాటు చేసుకున్నాడు. పోగొట్టుకున్న అడుగులో ముప్పావు వంతు అలా తిరిగి సంపాదించాడు. సంపాదించలేనిది ఒక్కటే. గాల్లోకి లేచిన బంతికి ఇద్దరు పరుగెత్తుతున్నప్పుడు ఒకడు "నాది!" అని అరవాలి, రెండోవాడు తప్పుకోవాలి. బ్యాటు వైపునుంచి చూస్తే కుడివైపు ఆడే క్లోవిస్, ఎదురు తిరిగి నిలబడే డెల్మర్‌కి ఎప్పుడూ ఎడమ పక్కన ఉంటాడు. ఆ అరుపు అతనికి చేరదు. అందుకని ఇద్దరు పక్కవాళ్ళకూ ముందే చెప్పేశాడు: "నేను పరుగెత్తుతుంటే మీరు ఆగిపోండి. నాకు అందే ప్రతి బంతీ నాదే." దొరగారన్న పేరు దాంతో స్థిరపడిపోయింది.

క్లోవిస్ మాత్రం నవ్వి ఊరుకున్నాడు. అతనిది ఆర్కాన్సా రాష్ట్రంలో, పత్తి చేల మధ్య చిన్న ఊరు. నోరు తెరిస్తే మూయడు. భార్య ఒడెల్, ఇద్దరు ఆడపిల్లలు అక్కడే ఉండేవాళ్ళు. బస్సులో డెల్మర్ ఎప్పుడూ ఎడమ కిటికీ పక్కన కూర్చునేవాడు, చచ్చిన చెవి అద్దం వైపు ఉండేలా. పక్క సీటు ఖాళీగా ఉండేది. ఒకరోజు క్లోవిస్ వచ్చి దబ్బున కూలబడి, "నీ పక్కన కూర్చుంటే హాయిరా డెల్, నా మాటకి అడ్డొచ్చేవాడు ఉండడు" అన్నాడు. రెండేళ్ళపాటు ఆ సీటు అతనిదే. కూతుళ్ళ అల్లరి, మామగారి గాడిద, ఒడెల్ చేసే చిలగడదుంపల 'పై' రొట్టె, అన్నీ చెప్పేవాడు. అన్ని వందల మైళ్ళలో డెల్మర్ చెప్పింది తండ్రి పేరు, ఊరి పేరు. చెవి సంగతి చెప్పలేదు. నాలుకమీదికి వచ్చిన ప్రతిసారీ బస్సు ఎక్కడో ఆగేది.

అరవై ఐదు ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం. పెద్ద జట్టు తరఫున ఆటగాళ్ళను ఎంచడానికి గడ్డిటోపీ పెట్టుకున్న మనిషొకడు వచ్చి వెనక కూర్చున్నాడని అందరికీ తెలుసు. తొమ్మిదింట్లో ఏడో ఇన్నింగ్స్‌లో బంతి డెల్మర్‌కీ క్లోవిస్‌కీ మధ్య ఎత్తుగా లేచింది. డెల్మర్ పరుగందుకున్నాడు. నడిదారిలో గాలి బంతిని క్లోవిస్ వైపుకు నెట్టింది. అది ఇప్పుడు క్లోవిస్ బంతి. నేరుగా అతని ఛాతీ మీదికి వస్తున్నట్టే ఉంది. డెల్మర్ ఆకాశం తప్ప ఏమీ చూడటం లేదు. చెయ్యి చాచాడు, బంతి గ్లవ్‌లో పడింది, అదే క్షణాన అతని భుజం, తుంటి, మొత్తం బరువు వెళ్ళి క్లోవిస్ నిలబెట్టిన కాలిమీద పడ్డాయి.

లేచి చూస్తే బంతి తన చేతిలోనే ఉంది. క్లోవిస్ మోకాలు మాత్రం ఉండవలసిన దిక్కున లేదు.

మేనేజరు హబ్ డ్రిస్కిల్ పరుగెత్తుకొచ్చాడు. లోపలి ఆటగాళ్ళలో రెండో బేస్ కాచే ప్రోవోస్ట్ అనేవాడు కోపంతో ముందుకొచ్చాడు.

"మూడుసార్లు అరిచాడు సార్. 'నాది, నాది, నాది' అని. నాకే వినపడింది, ఈ దొరగారికి వినపడలేదా?"

డ్రిస్కిల్ గడ్డిమీద పడి ఉన్నవాడి వైపు వంగి, "అరిచావా క్లోవిస్?" అని అడిగాడు.

క్లోవిస్ ముఖం సున్నం కొట్టినట్టుంది. పళ్ళు బిగబట్టి డెల్మర్ వైపు చూశాడు.

"లేదు. మర్చిపోయా. తప్పు నాదే."

అందరూ డెల్మర్ వైపు తిరిగారు. మాట్లాడవలసిన సమయమేదైనా ఉంటే అదే. డెల్మర్ బంతిని ఎవరి చేతికో ఇచ్చి తన చోటికి నడిచి వెళ్ళి నిలబడ్డాడు. మిగిలిన రెండు ఇన్నింగ్సూ ఆడాడు.

మర్నాడు పొద్దున ఆస్పత్రికి వెళ్ళాడు. క్లోవిస్ మందు మత్తులో నిద్రపోతున్నాడు. అప్పుడే రైలు దిగి వచ్చినట్టు, దుమ్ముపట్టిన చెప్పులతో ఒకామె మంచం పక్కన కూర్చుని ఉంది. ఒడెల్ అని చూడగానే తెలిసింది. ఆమె తలెత్తి, "ఎవరు కావాలండీ?" అని అడిగింది. గది తప్పు వచ్చానని చెప్పి డెల్మర్ వెనక్కి తిరిగాడు. మూడు రోజులకు పెద్ద జట్టు నుంచి పిలుపొచ్చింది. గడ్డిటోపీ మనిషి రాసుకున్నది ఆ క్యాచ్ గురించేనట: అంత గుద్దుకుని కూడా బంతి వదలలేదని.

ఆ ఏడు పెద్ద లీగులో ఇరవై మూడు ఆటలు ఆడాడు. చిత్రమేమిటంటే అంత సుఖంగా అతను ఎన్నడూ ఆడలేదు. నలభై వేల మంది హోరులో అక్కడ ఎవరి అరుపూ ఎవరికీ వినపడదు. అందరూ చేతి సైగలతోనే ఆడతారు. అక్కడ అందరూ చెవిటివాళ్ళే. పేపర్లో రెండుసార్లు అతని పేరు పడింది. ఆట ముగిశాక మిగతావాళ్ళు గుంపులుగా భోజనాలకు పోయేవాళ్ళు. డెల్మర్ హోటల్ ఎదుటి క్యాంటీన్‌లో మూలబల్ల దగ్గర కూర్చుని, ఉడికించిన మాంసం, ఆపిల్ 'పై' రొట్టె తినేవాడు. క్లోవిస్‌కి ఉత్తరం మొదలుపెట్టేవాడు. 'ప్రియమైన క్లోవిస్, కాలు ఎలా ఉంది' అన్నదాకా రాసి, ఆ ప్రశ్న అడిగే అర్హత తనకు లేదనిపించి చింపేసేవాడు. అలా నాలుగు చింపాడు.

మరుసటి వసంతం ఫ్లోరిడాలో సాధన. చిన్న మైదానం, చూసేవాళ్ళు లేరు, పక్షి అరిచినా వినపడేంత నిశ్శబ్దం. కుడివైపున ఎమిల్ వోజ్నాక్ అనే కొత్తవాడిని పెట్టారు. ఇరవై ఒక్కేళ్ళవాడు, జింకపిల్లలా ఉండేవాడు. రెండో వారంలో ఇద్దరి మధ్యా బంతి లేచింది. డెల్మర్ పట్టుకుని ఆగేసరికి, ఎమిల్ అతని కాళ్ళ పక్కనుంచి నేలమీద జారుకుంటూ అవతల పడ్డాడు. ఆఖరి క్షణంలో తనను తాను కింద పడేసుకున్నాడు. లేచి ప్యాంటు దులుపుకుంటూ, కోపం కూడా లేకుండా అడిగాడు:

"మూడుసార్లు అరిచానండీ. మీకు వినపడలేదా?"

డెల్మర్ అక్కడే గడ్డిలో కూర్చుండిపోయాడు. నీరసంగా ఉందేమోనని ఎవరో నీళ్ళు తెచ్చారు.

ఆ మధ్యాహ్నమే మేనేజరు గదికి వెళ్ళాడు. మేనేజరు క్విన్‌లాన్ ముప్పై ఏళ్ళుగా ఆటలో నలిగిన ముసలివాడు. డెల్మర్ నిలబడే చెప్పాడు: ఎడమ చెవి మూడేళ్ళుగా వినపడటం లేదని, నిరుడు ఒకడి కాలు దానివల్లే పోయిందని. క్విన్‌లాన్ పెన్సిలు చెక్కుతూ అడిగాడు:

"ఇంకెవరికి తెలుసు?"

"నాకు గది అద్దెకిచ్చిన పెద్దావిడకి. అంతే."

"చూడు. నువ్వు బాగా ఆడుతున్నావ్. నాకు సెంటర్‌లో ఇంకో మనిషి లేడు. నువ్విప్పుడు ఆ తలుపేసుకుని వెళ్ళిపోతే, నేనేమీ విననట్టే ఉంటా."

డెల్మర్ తలుపు వైపు చూశాడు. వెళ్ళిపోవచ్చు. వెళ్ళాలని ఎంత అనిపించిందో తర్వాత వెస్టాకు చెప్పుకున్నాడు.

"వద్దండి. ఆ కుర్రాడి మోకాళ్ళు బాగున్నాయి" అన్నాడు.

క్విన్‌లాన్ నిట్టూర్చి కాగితం మీద మైదానం గీశాడు. ఎడమన పెడితే సెంటర్‌వాడు మళ్ళీ చచ్చిన చెవి వైపే ఉంటాడు. ఇక మిగిలింది కుడి మూల. అక్కడ సెంటర్‌వాడు కుడి చెవి వైపు ఉంటాడు, ఎడమవైపు మైదానం హద్దు గీత, గీత అవతల జనం. డెల్మర్ ఈ భూమ్మీద భయం లేకుండా ఆడగలిగే చోటు ఒక్కటే, అది క్లోవిస్ ఆడిన చోటు. కానీ కుడి మూలవాడికి అంతదూరంనుంచి బంతి విసరడానికి తుపాకీ లాంటి చెయ్యి ఉండాలి. డెల్మర్‌కి ఉన్నవి కాళ్ళు. పదకొండు ఆటలకే అది తేలిపోయింది. మే నెలలో అతన్ని మళ్ళీ మారెంటన్ పంపించారు. పెద్ద లీగుతో అతని బంధం అక్కడితో సరి.

ఆ ఏడు ఆటలు ముగిశాక, అక్టోబరులో, రెండు బస్సులు మారి ఆర్కాన్సా వెళ్ళాడు. క్లోవిస్ పత్తి మిల్లులో బళ్ళు తూచే కాటా దగ్గర, ఎత్తు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కుడికాలు కర్రలా ముందుకు చాపి ఉంది. డెల్మర్‌ని చూసి చిన్నగా ఈల వేశాడు.

"దొరగారు! మా కాటా దగ్గరికి! ఎంత తూగుతారేంటి తమరు?"

డెల్మర్ దారంతా వల్లెవేసుకున్నది ఒక్క గుక్కలో చెప్పేశాడు. చెవి, జ్వరం, గడియారం, అన్నీ. క్లోవిస్ ఆపలేదు. బండివాడొకడు వస్తే ఆగమని సైగ చేశాడు.

"తెలుసురా నాకు" అన్నాడు చివరికి. "బస్సులో రెండేళ్ళు నీ పక్కన కూర్చున్నా. కిటికీలోంచి ఎవడన్నా కేకేస్తే నువ్వు తిరిగేవాడివి కాదు. ఆమాత్రం కనిపెట్టలేనా?"

"తెలిసీ ఎందుకు అరిచావ్? ఆగిపోవచ్చుగా."

"నోరు అరిచిందిరా, నేను కాదు. పదేళ్ళ అలవాటు. బంతి పైన ఉంటే ఎవడి చెవి ఎలాంటిదో గుర్తుంటుందా?"

"మరి అరవలేదని ఎందుకన్నావ్?"

క్లోవిస్ తన కాలి వైపు చూసుకున్నాడు.

"నా కథ అయిపోయిందని పడగానే తెలిసింది. నిజం చెప్తే నీది కూడా అయిపోద్ది. ఒకే బంతికి ఇద్దరా అనిపించింది. అంతే. అదేదో త్యాగం అనుకోకు. తర్వాత ఆర్నెల్లు మంచంలో పడి నిన్ను తిట్టని తిట్టు లేదు. నువ్వు ఒక్కసారి వస్తావేమోనని చూశా. ఆ పూటే వచ్చుంటే బాగుండేదిరా."

వచ్చానని డెల్మర్ చెప్పలేకపోయాడు. గుమ్మం దాకా వచ్చి గది తప్పానని అబద్ధమాడటం రావడం కిందికి రాదు.

సాయంత్రం క్లోవిస్ బలవంతం మీద ఇంటికి వెళ్ళారు. ఒడెల్ అతన్ని గుర్తుపట్టింది. ఆస్పత్రి సంగతి బయటపెట్టకుండా మొక్కజొన్న రొట్టె, చిక్కుడుగింజలు వడ్డించింది. పిల్లలు బొమ్మలు చూపించారు. బయలుదేరేటప్పుడు వాకిట్లోకి వచ్చి, నెమ్మదిగా అంది:

"ఆయన మిమ్మల్ని మన్నించానంటారు. ఆయన మనసు అలాంటిది. నాకింకా ఆ గుణం రాలేదండి. మెట్టు ఎక్కలేక ఆయన ఆగిన ప్రతిసారీ మీరే గుర్తొస్తారు. అబద్ధం చెప్పడం ఇష్టంలేక చెప్తున్నా."

"చెప్పినందుకు సంతోషమమ్మా" అన్నాడు డెల్మర్. అది నిజమే. ఏడాది దాటిన తర్వాత ఒకరు తనతో ఉన్న మాట అన్నారు.

తర్వాత నాలుగేళ్ళు మారెంటన్‌లో కుడి మూలన ఆడాడు. చెవి సంగతి ఊరందరికీ తెలిసిపోయింది. దొరగారన్న పిలుపు పోయింది. ఇప్పుడు ఎదురైన ప్రతివాడూ కుడివైపుకు వచ్చి, పసివాడితో మాట్లాడినట్టు ఒక్కో మాటా సాగదీసి, గట్టిగా పలకరించేవాడు. ప్రోవోస్ట్ కూడా వచ్చి క్షమించమన్నాడు, ఆ తర్వాత అతని పక్కన కూర్చోవడానికి మాత్రం మొహమాటపడ్డాడు. పొగరుబోతు అన్నప్పుడు జనం కనీసం వాదించేవాళ్ళు. జాలిపడటం మొదలుపెట్టాక పలకరింపు రెండు ముక్కల్లో అయిపోయేది.

క్లోవిస్ అడిగినందుకు నెలకో కార్డు రాసేవాడు. మాటలు కూర్చడం రానివాడు గనక గడ్డి గురించీ గాలి గురించీ రాసేవాడు. 'గోడ దగ్గర గడ్డి పలచబడింది. సాయంత్రం ఐదింటికి ఎండ కళ్ళలో కొడుతోంది.' జవాబు వచ్చేది: 'టోపీ అంచు ఇంకాస్త వంచు. గీత దగ్గర పల్లంగా ఉంటుంది, కాలు జాగ్రత్త. మా పెద్దది స్కూల్లో ఫస్టు.' అరవై తొమ్మిదికి జవాబులు రెండు వాక్యాలయ్యాయి, తర్వాత ఆగిపోయాయి. కోపమేమీ లేదు. కాటా పని, పిల్లలు, బతుకు. డెల్మర్ రాస్తూనే ఉన్నాడు.

డెబ్భై సెప్టెంబరులో అతని ఆఖరి ఆట వానకు సగంలో ఆగిపోయింది. మూడు వందల మంది గొడుగులు వేసుకుని ఇళ్ళకు పోయారు. ఆఫీసులో చెయ్యి కలిపి, వచ్చే ఏడు కుర్రవాళ్ళను తీసుకుంటున్నామని చెప్పారు. ముప్పై రెండేళ్ళవాడికి అది కొత్త సంగతి కాదు. వెస్టా ఆ రాత్రికి కోడిని కోసి వండింది. ఇద్దరూ ఆట మాట ఎత్తకుండా తిన్నారు.

మర్నాడు పొద్దున లేస్తే వెళ్ళవలసిన చోటేదీ లేదు. పశువుల దాణా అమ్మే కొట్టు ముందు మనిషి కావాలని రాసి ఉంటే లోపలికి వెళ్ళాడు. కొట్టు యజమాని ఈ మధ్యే ఊళ్ళోకి వచ్చినవాడు, ఆటల జోలికి పోనివాడు.

"ఇంతకుముందు ఏం పని చేశారు?"

"పద్నాలుగేళ్ళు గడ్డిలో నిలబడ్డానండి" అన్నాడు డెల్మర్.

ఆయన దాన్ని గడ్డి కోతల పని అనుకుని, అయితే బస్తాలు మోయగలరని తీసుకున్నాడు. డెల్మర్ సరిదిద్దలేదు. కోటు విప్పి మేకుకు తగిలించి, తౌడు బస్తాలు లారీకి ఎక్కించడం మొదలుపెట్టాడు. పదకొండు గంటలకు యజమాని కాఫీ పోసుకొచ్చి ఎదురుగా కూర్చుని, ఈ ఊళ్ళో చలి ఎప్పుడు మొదలవుతుందని అడిగాడు. నవంబరులోనట అని చెప్పాడు డెల్మర్. ఇన్నేళ్ళలో ఆటలు ముగిశాక నవంబరు దాకా తానెప్పుడూ మారెంటన్‌లో ఉండలేదు.